ఏదో, నడుస్తోంది

నమోదు 611, సోమవారం

ఈ దినచర్య రాయడం నాకు సుతరామూ ఇష్టం లేదు. ఓడమాఫీ ఆఫీసులో పనిచేసేవాళ్ళు రోజూ రాయాలని రూలు. రాసింది ఎవరూ చదవరని ఆ రూలు పెట్టినవాళ్ళే నాతో చెప్పారు. అందుకని మనసులో ఉన్నదంతా ఇక్కడే కక్కేస్తున్నాను. నా పేరు మంగతాయారు. సముద్రం మీద తెప్పలు కట్టుకుని తేలే ఈ తేలూరులో ఇరవై రెండేళ్ళుగా ఇదే ఉద్యోగం.

ఇవాళ మోకాలు మళ్ళీ పట్టేసింది. ఆరో నంబరు తాళ్ళ వంతెన దాటేసరికి దేవుడు కనిపించాడు. మూలుగుతూ ఆఫీసుకు చేరితే బల్ల మీద కొబ్బరి చిప్పంత డబ్బా ఒకటి, దానికో తాడు. పేరు ఆరా అట. గట్టు మీద, అంటే సముద్రం ఇంకా మింగని నగరంలో, తయారైందట. ఇన్నాళ్ళూ మాఫీ ఉన్నవాళ్ళ ఇళ్ళకు ఏడాదికోసారి నేనే వెళ్ళి, కళ్ళారా చూసి ఫారం నింపేదాన్ని. ఇక మీదట ప్రశ్నలు అదే అడుగుతుంది, జవాబులు అదే రాసుకుంటుంది. నేను చేయాల్సిందల్లా దాన్ని మెళ్ళో వేసుకుని ఊరంతా తిరగడం. ఇరవై రెండేళ్ళ సర్వీసుకు మెడలో గంట కట్టారు, ఇక మేతకు తోలడమే తరువాయి.

పైగా అది తెలుగు నేర్చుకున్నది గట్టు మీది పాత పుస్తకాల్లోంచి.

"మీరు సిద్ధముగా ఉన్నారా?" అని అడిగింది.

"ఆయ్" అన్నాను.

"అర్థము కాలేదు. అవునా, కాదా?"

"ఆయ్ అంటే అవుననే."

"ఆయ్ అను పదము నా వద్ద లేదు" అంది. మా తాతల కాలం నుంచీ మేం అంటున్న మాట దాని దగ్గర లేదట!

మధ్యాహ్నం తొమ్మిదో తెప్ప మీద నూకరాజు కొట్లో చింతపండు కొంటూ, వ్యాపారం ఎలా ఉందయ్యా అని పలకరించాను. "ఏదో, నడుస్తోందండి" అన్నాడు పాపం. సాయంత్రానికల్లా ఆఫీసుకు నోటీసు వచ్చింది: "తొమ్మిదవ తెప్పపై గల దుకాణము నడుచుచున్నది. తక్షణము కట్టివేయవలెను." అందరం పడీపడీ నవ్వాం. ఆ నోటీసును సొరుగులో పడేశాను.

నమోదు 612, మంగళవారం

తలుపు తీయగానే నాలుగో తెప్ప నుంచి ఒకాయన వచ్చి కూర్చున్నాడు. వాళ్ళ అత్తగారికి ఓడమాఫీ కావాలట.

"ఆవిడకు ఒంట్లో ఎలా ఉంటుంది?" అని అడిగాను.

"బ్రహ్మాండంగా ఉంటారండి. గుండ్రాయిలా ఉంటారు."

"అయితే రాదు. పెద్ద ఓడకు పంపించేటంత బాగోకపోతేనే, పెద్ద ఓడకు పంపించకుండా ఇంట్లోనే ఉంచి, సాయానికి మనిషిని పంపిస్తాం."

ఆయన కాసేపు కప్పుకేసి చూసి, "అంటే బాగోలేకపోతే బాగుంటుందన్నమాట" అన్నాడు. మా పథకాన్ని ఇంత చక్కగా చెప్పినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. మాఫీలు మొత్తం మూడు వందలేనని, క్యూలో రెండు వందల పన్నెండు మంది ఉన్నారని, వంతు వచ్చేదాకా ఓడలో ఉండాల్సిందేనని కూడా చెప్పాను. అత్తగారు గుండ్రాయిలాగే ఉండాలని దేవుడికి దండం పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

పెద్ద ఓడ, అంటే మంచాన పడ్డవాళ్ళను ఉంచే ఆసుపత్రి ఓడ, చెడ్డదేం కాదు. పడవలో రెండు గంటల ప్రయాణం. తెల్లటి దుప్పట్లు, వేళకు భోజనం, కిటికీలకు తెరలు. వెళ్ళినవాళ్ళు తిరిగి రావడం మాత్రం నేను చూడలేదు.

తర్వాత పదిహేడో తెప్పకు, సత్యవేణి ఇంటికి వెళ్ళాను. ఆమెకు నలభై నాలుగేళ్ళు. పదకొండేళ్ళ కిందట గాలిమర స్తంభం మీద మరమ్మతు చేస్తూ పడిపోయింది. నడుం కింద నుంచి పనిచేయదు. ఆమె ఇంటి నేల కింద పన్నెండు పాత పీపాలు ఉన్నాయి, తెప్పను తేల్చేవి అవే. నీళ్ళు వాటికి తగిలే చప్పుడు విని, ఆ రోజు సముద్రం బుద్ధి ఎలా ఉందో చెప్పేస్తుంది. రోజూ ఉదయం ఆరింటికి మంచం పక్కనున్న మైకులో, "తేలూరు వారందరికీ నమస్కారం, ఇవాళ వంతెన తాళ్ళు రెండు బారలు వదులు చేసుకోండి" అంటుంది. ఊరంతా లేచి వదులు చేస్తుంది. గట్టువాళ్ళ యంత్రాలు పోటును రెండుసార్లు తప్పు చెప్పాయి గానీ సత్యవేణి ఒక్కసారీ తప్పలేదు.

ఆమెకు కాళ్ళూ చేతులూ లోవకుమారే. లోవ పొద్దున మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు వస్తుంది. ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టడం, స్నానం, వంట, వీపు పుండ్లు పడకుండా అటూ ఇటూ ఒత్తిగిలించడం, అన్నీ ఆమే చూస్తుంది. మాఫీ అని మేం పెద్దగా చెప్పుకునేది ఈ అయిదు గంటల్నే.

సత్యవేణి నా ముందు జంతికల పళ్ళెం పెట్టించింది. ఆరా గొంతు సవరించుకుంది.

"మీరు ఏ విధముగా ఉన్నారు?"

"ఏదో, నడుస్తోందండి" అంది సత్యవేణి నవ్వుతూ.

ఆరా కీచుమంది. ఏదైనా రాసుకున్నప్పుడల్లా అది కీచుమంటుంది.

"ఇబ్బందులు ఏమైనను కలవా?"

"నాకేం ఇబ్బందండి! మా లోవ ఉండగా మహారాణిలా ఉన్నాను."

మళ్ళీ కీచు. నేను జంతికలు నములుతూ కూర్చున్నాను, ఒక్క ముక్క చెవిన పెట్టలేదు. నిన్న దుకాణం నడిచినప్పుడే నాకు బుద్ధి రావాల్సింది.

నమోదు 615, శుక్రవారం

నోటీసు వచ్చింది. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"సత్యవేణి, 17వ తెప్ప. నడక: కలదు, స్వయముగా తెలిపినారు. ఇబ్బందులు: లేవు. హోదా: మహారాణి. ఓడలో చేరదగినంత అవసరము లేనందున మాఫీ రద్దు."

"నీ దుంప తెగ, ఆవిడ కాళ్ళు పనిచేయవే డబ్బా!" అని అరిచాను. ఆఫీసులో టీ గ్లాసులు కూడా అదిరిపడ్డాయి.

"వైద్యుని పత్రము తొలి సంవత్సరమునకే చెల్లును. తదుపరి సంవత్సరములలో లబ్ధిదారుని మాటయే ప్రమాణము" అంది ఆరా. ఏడాది తిరిగేసరికి కొత్త కాళ్ళు మొలుస్తాయని గట్టువాళ్ళ ఆశ కాబోలు.

కూర్చుని లెక్క వేశాను. మాఫీ పోతే లోవ రాదు. లోవ రాకపోతే వారంలో పుండ్లు పడతాయి. పుండ్లు పడితే మళ్ళీ మాఫీకి అర్హత వస్తుంది, కానీ అప్పటికి ఆమె చోటు క్యూలో మొదటివాళ్ళకు వెళ్ళిపోతుంది, ఆమె రెండు వందల పన్నెండో మనిషి అవుతుంది. ఈలోగా పెద్ద ఓడ. ఆ ఇనప గోడల వెనక పీపాల చప్పుడు వినిపించదు. సత్యవేణి చేతిలోంచి ఆ మైకు తీసేస్తే ఇక ఆ మనిషి బతకదు, ఇది నాకు బాగా తెలుసు.

వెంటనే అప్పీలు రాసి పంపాను. విచారణకు గట్టు నుంచి పరాంకుశం గారనే అధికారి వచ్చే వారం తర్వాత బుధవారం వస్తారట. ఈలోగా ఆరా చేత ఇంకోసారి ప్రశ్నలు అడిగించుకోవచ్చు. తీర్పు వచ్చేదాకా లోవ రావచ్చు. అదొక్కటే ఊరట.

నమోదు 616, శనివారం

సత్యవేణికి నోటీసు చదివి వినిపించాను. "హోదా మహారాణి" దగ్గర కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. చివరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"అదేంటండి మేడమ్ గారూ! వేణక్క నడవలేదని ఊళ్ళో సేపలక్కూడా తెలుసు కదండి" అంది లోవ.

"చేపలు ఫారం నింపవు కదమ్మా. ఈసారి అడిగినప్పుడు సత్యవేణి సూటిగా చెప్పాలి. నడవలేను, వండుకోలేను, ఒంటరిగా ఉండలేను. అంతే."

"ఎలా ఉన్నావని అడిగిన మనిషి మొహం మీదే బాగోలేనని ఎలా అంటాం తాయారక్కా? అడిగిన పాపానికి వాళ్ళ మనసు కష్టపెట్టినట్టుంటుంది" అంది సత్యవేణి.

"అది మనిషి కాదు!"

"అయినా అడిగింది కదా, పాపం."

భోజనం వేళ దాకా తర్ఫీదు ఇచ్చాను. నేను ఆరాలా గొంతు పెట్టి అడగడం, ఆమె "ఏదో..." అనబోవడం, లోవ ఆమె చేతి మీద చిన్నగా కొట్టడం. చివరికి నాకే విసుగొచ్చి, "నీకు దండం పెడతాను, ఒక్క రోజు మర్యాద మానెయ్యి తల్లీ" అని బతిమాలాను.

నమోదు 619, మంగళవారం

రెండోసారి ప్రశ్నలు. ఏం జరిగిందో రాయడానికే సిగ్గుగా ఉంది.

"మీరు నడవగలరా?"

సత్యవేణి కళ్ళు మూసుకుంది. "ఈమధ్య కాస్త తగ్గిందిలెండి" అంది.

కీచు.

"వంట చేసికొనగలరా?"

"అయ్యయ్యో, మాటల్లో పడి మర్చేపోయాను. మీరేమైనా తిన్నారా? ఉండండి, చిటికెలో పెసరట్టు వేయిస్తాను."

కీచు. తర్వాత కాగితం చూస్తే, "వంట: కలదు, అతిథులకు సైతము" అని ఉంది. వేయిస్తాను అంది, వేస్తాను అనలేదు. ఆ తేడా గట్టు పుస్తకాల్లో లేదు కాబోలు.

"మీకు సహాయము చేయు బంధువులు కలరా?"

అప్పుడైనా "లేరు" అనొచ్చు కదా! ఉన్న ఒక్క అన్నయ్యా పోయి ఎనిమిదేళ్ళయింది. కానీ సత్యవేణి ఛాతీ విరుచుకుని, "ఊరంతా నా వాళ్ళేనండి" అంది.

ఆరా కీచుమనడం మొదలుపెట్టింది, ఆపదే! తొమ్మిది నిమిషాలు అలా కీచుమంటూనే ఉంది. జనాభా జాబితా అంతా ఎక్కించుకుంటోందని నాకు అప్పుడు తట్టలేదు.

నమోదు 621, గురువారం

తేలూరులో ఉన్న నాలుగు వేల మూడు వందల పదకొండు మందికీ నోటీసులు వచ్చాయి. ఉయ్యాల్లో ఉన్న పసిపిల్లలతో సహా. లోవ వారానికి చేసే ముప్పయ్యయిదు గంటల పనిని ఆరా ఊరి మొత్తానికి సమానంగా పంచింది. మనిషికి వారానికి ఇరవై తొమ్మిది సెకండ్లు.

నాది: "బంధువు మంగతాయారు. బుధవారము ఉదయము 9 గంటల 4 నిమిషముల 12 సెకండ్లకు. పని: ఎడమ చేతికి సబ్బు రాయుట." నా తర్వాత వంతు ఇరవై రెండో తెప్ప కంసాలి బ్రహ్మలింగం గారిది. పని: ఆ సబ్బు కడుగుట. పెద్దమనిషి నోటీసు పట్టుకుని ఆఫీసుకు పరుగెత్తుకొచ్చాడు.

"ఏవండీ, ఇదేం ఘోరమండి! ఆడకూతురికి నేను సబ్బు కడగడమేంటండి?"

"మీరు బంధువుగా నమోదయ్యారండి."

"బంధువునే, కాదన్నానా! అయినా సరే!"

నోటీసు కింద ఇంకో ముక్క కూడా ఉంది. సహజ సహాయకులు సమృద్ధిగా లభించినందున లోవకుమారి సేవలు సోమవారం నుంచే నిలిపివేత. తీర్పు దాకా ఆగాలి కదా అని ఆరాను నిలదీస్తే, "ఇది రద్దు కాదు, సర్దుబాటు" అంది.

నమోదు 625, సోమవారం

ఎవరూ రారనుకున్నాను. అందరూ వచ్చారు. ఇవాళ్టి వంతు ఆరు వందల పదహారు మందిది. సత్యవేణికి చేయడం కంటే ఇంకేం పని ఉంటుందని పొద్దున్నే పడవలు కట్టుకుని, కూర గిన్నెలు పట్టుకుని దిగారు. పదిహేడో తెప్ప అరవై మందిని మోస్తుంది. ఇరవై తొమ్మిది సెకండ్లు అయినవాళ్ళు వెళ్ళిపోతే పర్వాలేకపోయేది. ఇంటికి వచ్చి పని కాగానే లేచిపోతే ఏం మర్యాదని ఒక్కరూ కదల్లేదు. కూర్చుని కబుర్లు పెట్టుకున్నారు. మగవాళ్ళను బయటికి తోలి, చీరలు అడ్డం కట్టి, ఆడవాళ్ళే స్నానం వంతులన్నీ తీసుకున్నారు. ఆ చీరల లోపల ముప్పై ఒక్క మంది ఉన్నారని లోవ లెక్క చెప్పింది. పాపం, పనిలోకి రావద్దన్నారని తెప్ప పక్కన పడవలోనే కూర్చుంది.

సాయంత్రానికి తెప్ప జానెడు దిగింది. పీపాలు పూర్తిగా నీళ్ళలో మునిగిపోయాయి.

"చప్పుడు వినిపించట్లేదు తాయారక్కా" అని సత్యవేణి నా చెవిలో అంది. ఆమె కళ్ళలో భయం చూడటం నాకు అదే మొదటిసారి.

నమోదు 627, బుధవారం

వచ్చినవాళ్ళు రాత్రి కూడా కదల్లేదు, పీపాలు పైకి తేలలేదు. నిన్నా ఇవాళా ఉదయం ఆరింటికి మైకు మోగలేదు. పదకొండేళ్ళలో ఇలా జరగలేదు. తాళ్ళు ఎంత వదలాలో ఎవరికీ తెలియలేదు. పోటు పెరిగింది, ఆరో వంతెన తాడు పుటుక్కున తెగింది. ఆ సమయానికి వంతెన మీద ఉన్నది ఒక్కరే, గట్టు నుంచి విచారణకు వస్తున్న పరాంకుశం గారు. మిగిలిన తాడు పట్టుకుని నడుం దాకా నీళ్ళలో వేలాడారు. బ్రహ్మలింగం గారు పంచె చెంగు అందించి పైకి లాగారు.

నేను నా సబ్బు వంతు కోసం చీరల లోపల ఉన్నాను. మోకాలు చచ్చేంత నొప్పి. సత్యవేణిని మంచం మీంచి స్నానపు బల్ల మీదికి మార్చాలి. నలుగురు ఆడవాళ్ళు పట్టుకున్నారు, నలభై మంది సలహాలు చెప్పారు. చంకలో చెయ్యి వెయ్యండంటే ఒకావిడ భుజం పట్టుకుని లాగింది. సత్యవేణి "అమ్మా!" అని కేక పెట్టింది. ఆ కేకకు ఊరంతా నోరు మూసుకుంది. గబగబా ఆమెను మళ్ళీ మంచం మీద పడుకోబెట్టి దుప్పటి కప్పాం.

చీర పక్కకు తొలగించాను. గుమ్మంలో పరాంకుశం గారు, ప్యాంటు కారుతూ. విచారణకు పనికొస్తుందని సొరుగులోంచి తెచ్చుకున్న దుకాణం నోటీసు ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివారు, మీసం కింద నవ్వు దాచుకున్నారు.

"నాకు అర్థమైందమ్మా. కానీ యంత్రం రాసిందాన్ని నేను కొట్టేయాలంటే ఆవిడ నోటి వెంటే రావాలి. రూలు అలా ఉంది" అన్నారు. సత్యవేణి వైపు తిరిగి, "చెప్పండమ్మా, ఎలా ఉన్నారు?" అని అడిగారు.

ఆయన అలా అడక్కుండా ఉండాల్సింది. సత్యవేణి మొహం మీదికి అలవాటైన నవ్వు వచ్చేసింది. పెదవులు "ఏ" అన్నట్టు కదిలాయి. కిటికీలోంచి పడవలో నిలబడి ఉన్న లోవ కనిపించింది. సత్యవేణి లోవనే చూసింది, నవ్వు తీసేసింది.

"నడవలేనండి" అంది. "పదకొండేళ్ళయింది. నడుం కింద ముల్లు గుచ్చినా తెలీదు. పక్క మీద ఒత్తిగిలడం కూడా నావల్ల కాదు. ఇంకెప్పుడూ నడవను."

అందరికీ తెలిసిన విషయమే. అయినా ఆమె నోటి వెంట మేమెవరమూ ఎప్పుడూ వినలేదు. కూర గిన్నె పట్టుకున్న ఒకావిడ గోడకేసి తిరిగి ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి.

సత్యవేణి మా వైపు చూసింది. "ఊరంతా నా వాళ్ళే. అది అబద్ధం కాదు. కానీ నన్నెత్తడం లోవకొక్కదానికే వచ్చర్రా. మీ ప్రేమకు నా భుజం ఊడొచ్చేలా ఉంది. కూరలు పెట్టేసి వెళ్ళండి, తెప్ప మునిగిపోతోంది!"

పరాంకుశం గారు కిటికీ దగ్గరికి వెళ్ళి, "లోవకుమారి అంటే నువ్వేనా అమ్మా?" అని అడిగారు.

"ఆయ్" అంది లోవ.

నా మెడలోంచి ఆరా అంది: "ఆయ్ అనగా అవును. నమోదు చేసితిని."

లోవ లోపలికి వచ్చింది. మంచం మీద మోకాలు ఆనించి, ఒక చెయ్యి వీపు కిందికి, ఒక చెయ్యి తొడల కిందికి పోనిచ్చి, "వేణక్కా, ఊపిరి పీల్చు" అంది. ఆ ఊపిరి వదిలేలోగా సత్యవేణి కుర్చీలో ఉంది. పరాంకుశం గారు గడియారం చూసుకున్నారు. ఇరవై తొమ్మిది సెకండ్లు కాదు కదా, అందులో సగం కూడా పట్టలేదు.

నమోదు 630, శనివారం

నిన్న ఉత్తర్వు వచ్చింది. సత్యవేణి మాఫీ ఉంది, లోవ అయిదు గంటలూ ఉన్నాయి, పిండి వంటలకని ఇంకో అరగంట కలిపారు. కింద పరాంకుశం గారు సొంత దస్తూరీతో ఒక కొత్త రూలు రాశారు. ఎవరైనా "నడుస్తోంది" అంటే ఆరా వెంటనే "ఏది?" అని అడగాలి. అడక్కుండా ఏమీ రాసుకోకూడదు.

ఆ రూలుకు మొదట దొరికింది నేనే. నిన్న సాయంత్రం ఆఫీసు మూస్తుంటే, "మీరు ఏ విధముగా ఉన్నారు?" అంది డబ్బా.

"ఏదో, నడుస్తోంది" అన్నాను తాళం వేస్తూ.

"ఏది?"

తాళం చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట తిరిగి అడిగినవాళ్ళు లేరు. "ఉద్యోగం నడుస్తోంది. ఇల్లు నడుస్తోంది. మోకాలు నడవట్లేదు, వంతెన ఎక్కాలంటే ఏడుపొస్తోంది" అన్నాను.

కీచు. "ఓడమాఫీ అర్హత పరిశీలన ప్రారంభించుచున్నాను."

"ఒసేయ్, ఆగు!" అన్నాను. ఆగింది గానీ, సోమవారం డాక్టరు పడవకు నా పేరు ఎక్కించేసింది. వెళ్తాను.

ఇవాళ ఉదయం ఆరింటికి ముందే మెలకువ వచ్చింది. పక్క మీదే లేచి కూర్చున్నాను. ఊరంతా కూడా అలాగే కూర్చుని ఉంటుంది. ఆరింటికి మైకు గరగరమంది.

"తేలూరు వారందరికీ నమస్కారం. పీపాలు చక్కగా మోగుతున్నాయి. ఇవాళ తాళ్ళు బారెడు బిగించుకోండి. ఆరో వంతెనది కొత్త తాడు, దాని జోలికి పోకండి. ఎలా ఉన్నావని చాలామంది కబురు పెట్టారు." కాసేపు నీళ్ళ చప్పుడే వినిపించింది. "నేను నడవలేనండి. మిగతాదంతా నడుస్తోంది."